కొండ కడుపులో కాపలా

1979 జూలైలో స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలుగు పల్లెలు ఎలా బెంబేలెత్తాయో ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. ఎలాగూ పోయేదానికి దాచుకోవడం ఎందుకని కోళ్ళనూ మేకపోతులనూ కోసుకుతిన్నారు. చివరికి జూలై 11న అది ఆకాశంలోనే విరిగి, ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ రాలాయి. ఆ స్కైలాబ్ చుట్టు చుట్టుకూ ఎంత కిందికి జారుతోందో కనిపెట్టి నాసాకు లెక్కలు అందించినవాళ్ళు మాత్రం ఆకాశం ఆవగింజంత కూడా కనిపించని చోట కూర్చున్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, షయాన్ అనే కొండ. దాని కడుపులో, దాదాపు 2,000 అడుగుల గ్రానైట్ కింద.

అక్కడ ఉన్నది నోరాడ్. ఉత్తర అమెరికా ఆకాశానికి అమెరికా, కెనడా కలిసి పెట్టుకున్న ఉమ్మడి కాపలా. ఉపగ్రహాల జాడ తీయడం అప్పట్లో దాని పనుల్లో ఒకటి. అసలు పని, సోవియట్ యూనియన్ నుంచి బాంబర్లో క్షిపణులో బయల్దేరితే పసిగట్టి, నిజమో కాదో తేల్చి, పైవాళ్ళ చెవిన వేయడం. కాబట్టి ఆ కొండలో ఫిరంగులు లేవు, క్షిపణులు లేవు. తెరలు, టెలిఫోన్లు, కంప్యూటర్లు, వాటి ముందు రాత్రింబవళ్ళు వంతులవారీగా కూర్చునే మనుషులు, అంతే. అంత రాయి కప్పుకున్నది ప్రాణాలు దక్కించుకోవడానికే అనుకుంటాం. నన్నడిగితే, వాళ్ళు ఆ రాయి కింద దాచుకున్నది కొన్ని నిమిషాలను.

ఆ నిమిషాల లెక్క ఇది. 1957లో నోరాడ్ మొదలైనప్పుడు దాని ఆఫీసు కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్ళోనే, ఎంట్ అనే వైమానిక స్థావరంలో ఉండేది. ఒకప్పుడు క్షయ రోగులకు వైద్యం చేసిన ఆవరణ అది. శత్రు బాంబర్లు ఉత్తర ధ్రువం మీదుగా రావాలంటే గంటలు పడుతుంది గనుక నేల మీది భవనంతో పని జరిగిపోయింది. ఆ ఏడాది అక్టోబరులోనే సోవియట్లు స్పుత్నిక్‌ను ఎగరేశారు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన రాకెట్టు బాంబును కూడా మోయగలదు. ఖండాంతర క్షిపణి అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి పట్టేది సుమారు అరగంట. రాడార్లకు అది కనబడేసరికి కొంత, కనబడింది నిజమేనా అని చూసుకునేసరికి ఇంకొంత కరిగిపోగా, నిర్ణయం తీసుకునేవాడి చేతిలో మిగిలేవి కొద్ది నిమిషాలే. మొదటి బాంబు కబురు చెప్పాల్సినవాడి మీదే పడితే ఆ కొద్దీ ఉండదు.

కొండ తవ్వకముందే ఈ నిమిషాల బరువు ఏమిటో ఒకసారి రుచి చూశారు. 1960 అక్టోబరు 5న గ్రీన్‌లాండ్‌లోని థూలే దగ్గర కొత్తగా పనిలోకి దిగిన రాడారు, క్షిపణులు గుంపుగా లేస్తున్నాయని కబురంపింది. కొలరాడోలో నోరాడ్ ఉప కమాండరు, కెనడా ఎయిర్ మార్షల్ రాయ్ స్లెమన్, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: క్రుశ్చేవ్ ఎక్కడున్నాడు? ఆ సోవియట్ నాయకుడు న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితిలో ఉన్నాడన్నారు. తమ నాయకుణ్ణి అక్కడ కూర్చోబెట్టుకుని ఆ ఊరి మీద ఎవరూ బాంబులు వేయరు. ఇంతకీ రాడారుకు కనబడింది నార్వే మీదుగా పైకొస్తున్న చందమామ. రాడారు తరంగం చంద్రుడిని తాకి తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. అంత దూరం నుంచి ప్రతిధ్వని వస్తుందని యంత్రానికి ఎవరూ చెప్పలేదు, అందుకని దగ్గరి వస్తువేదో అనుకుంది.

1961 మే నెలలో తవ్వకం మొదలైంది. ఆ కొండ గ్రానైట్ వంద కోట్ల ఏళ్ళ పైబడినది. మన ఇళ్ళలో వంటగట్టు మీద పరిచే గ్రానైట్ పలక ముప్పాతిక అంగుళం మందం ఉంటుంది. దానిమీద రోలు పెట్టి దంచినా ఉలకదు. ఆ జాతి రాయి 2,000 అడుగుల మందాన నెత్తి మీద ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. బయటికి తీసిన రాయి 6,93,000 టన్నులు. ఇరవై టన్నుల లారీలకు ఎత్తితే దాదాపు 35,000 లోడ్లు. పేల్చేటప్పుడు మిగిలే గోడ పగుళ్ళు బారకుండా, మందు కొద్దికొద్దిగా కూరి నునుపుగా తెంచుకుంటూ వెళ్ళారు, ఎందుకంటే ఆ గోడే రేపు కవచం. అయినా రెండు గుహలు కలిసే చోట పైకప్పులో రాయి వదులుగా ఉన్నట్టు బయటపడింది. అక్కడ కాంక్రీటుతో పెద్ద గుమ్మటం కట్టి ఆపాల్సి వచ్చింది. మిగతా కప్పంతా లక్షకు పైగా ఉక్కు బోల్టులతో రాతిలోకి బిగించారు. సింగరేణి గనుల్లో దిగినవాళ్ళకు రూఫ్ బోల్టు కొత్త మాట కాదు. బరువును మోయడం దాని పని కాదు, పొరపొరగా విడిపోవాలని చూసే రాయిని కుట్టేసి ఒకే దిమ్మగా ఉంచడమే దాని పని. ఇక్కడా అదే సూత్రం. మొత్తం ఖర్చు 14.24 కోట్ల డాలర్లయింది. 1966 ఏప్రిల్ 20న కాపలా ఊళ్ళోంచి కొండలోకి మారింది.

సొరంగం సంగతి విచిత్రంగా ఉంటుంది. కొండలో దాక్కోవాలంటే ఎవరైనా ఒక వైపు నుంచి తవ్వుకుంటూ వెళ్ళి, చివర తలుపు పెట్టుకుంటారు. వీళ్ళ సొరంగం ఉత్తరం వైపు మొదలై, వంపు తిరిగి, దక్షిణం వైపు బయటికి తేలుతుంది. రెండు మూతులూ తెరిచే ఉంటాయి. అసలు తలుపులు మధ్యలో, సొరంగం పక్క గోడలో ఉంటాయి. దగ్గర్లో అణుబాంబు పేలితే పేలుడు తరంగం సొరంగంలోకి దూరుతుంది. ఎదురుగా గోడ తగిలితే తరంగం గుద్దుకుని తన మీద తనే పేరుకుంటుంది, అక్కడ ఒత్తిడి రెండింతలకు పైగా పెరుగుతుంది. దారి ఖాళీగా ఉంటే రివ్వున అవతలి మూతి నుంచి వెళ్ళిపోతుంది, పక్క గోడను రాసుకుంటూ పోతుందే తప్ప గుద్దదు. వరద కాలువలో తూము తలుపును నీటికి ఎదురుగా కాక పక్కగా పెట్టినట్టు. అలా పక్కకు పెట్టి కూడా తలుపు చేసింది మూడున్నర అడుగుల మందంతో, 25 టన్నుల బరువుతో. అలాంటివి రెండు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కోటి హైడ్రాలిక్ బలంతో 45 సెకన్లలో మూసుకుంటుంది. రెండు కిలోమీటర్ల దూరంలో 30 మెగాటన్నుల బాంబు పేలినా తట్టుకోవాలన్నది లెక్క. అది హిరోషిమా మీద వేసినదానికి రెండువేల రెట్లు.

తలుపు తట్టుకుంది సరే, రాయి వణికితే? రాయి గట్టిది కాబట్టే కుదుపును బాగా మోసుకొస్తుంది. లోపలి మనుషులను రాతి గోడ కాపాడుతుంది గానీ, ఆ గోడే వాళ్ళ బల్లలను, కంప్యూటర్లను, ఎముకలను విసిరికొడుతుంది. అందుకే గుహల్లో ఏ భవనమూ రాతిని తాకదు. గుహలు పెద్దవి మూడు, ఒక్కోటి 588 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల ఎత్తు. వాటికి అడ్డంగా మరి నాలుగు. వాటిలో 15 ఉక్కు భవనాలు, చాలావరకు మూడంతస్తులవి. మొత్తం 1,319 ఉక్కు స్ప్రింగుల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కో స్ప్రింగు బరువు సుమారు 450 కిలోలు. భవనం ఎటైనా అడుగు దాకా ఊగవచ్చు. నీళ్ళ పైపులు, తీగలు, నడవాలు అన్నీ సాగేలా వంగేలా కలిపారు.

స్ప్రింగు ఏం చేస్తుందో అర్థం కావాలంటే ఉట్టిని గుర్తు తెచ్చుకోవాలి. దూలానికి వేలాడే ఉట్టి మీద పెరుగు కుండ ఉంది. ఉట్టి తాడును పైన పట్టుకుని మెల్లగా పక్కకు జరిపితే కుండ కూడా వెంటే వస్తుంది. చటుక్కున అంగుళం ఇటు అటు లాగి వదిలేస్తే పైన తాడు అదిరిపోతుంది, కింద కుండకు కబురు కూడా అందదు. దాని ఊపు నెమ్మది. తాడు కుదుపు వచ్చి వెళ్ళిపోయేసరికి కుండ ఇంకా కదలాలా వద్దా అని తేల్చుకోలేదు. భవనం బరువు, స్ప్రింగు మెత్తదనం కలిపి ఆ ఊపును రాయి అదురు కన్నా బాగా నెమ్మదిగా ఉండేలా చూసుకుంటే చాలు. మన పూర్వీకులు ఉట్టి కట్టింది పిల్లులకు భయపడి. సూత్రం మాత్రం ఇదే.

మూసిన కొండలో ఎక్కువగా వేధించేది వేడి. ఒక్కోటి 1,750 కిలోవాట్ల డీజిల్ జనరేటర్లు ఆరు, వాటితో పాటు కంప్యూటర్లు, మనుషులు. చల్లబరిచే గాలి బయటి నుంచి రాదు. వచ్చినా రేడియోధార్మిక ధూళి మోసుకొస్తుంది. అందుకని రాతిలోనే చెరువులు తొలిచారు. తాగేందుకు, వాడకానికి సుమారు 57 లక్షల లీటర్లు, యంత్రాల వేడిని పీల్చుకోవడానికి మరో కోటీ 70 లక్షల లీటర్లు. డీజిలు 19 లక్షల లీటర్ల పైమాటే. నీళ్ళు కొండలోని ఊటలవే. ఆ చెరువులు ఎంత పెద్దవంటే పనివాళ్ళు ఒక్కోసారి తెడ్ల పడవ వేసుకుని అవతలి ఒడ్డుకు వెళతారు. అణుయుద్ధం కోసం కట్టిన కోటలో, రాతి కప్పు కింద, నీటి మీద తెడ్డు చప్పుడు. ఆ కొండ గురించి చదివిన వాటన్నిటిలో నాకు కళ్ళకు కట్టింది ఇదొక్కటే.

ఇంత చేసి కాపలా కొండలోకి మారేనాటికే కోట పాతబడడం మొదలైంది. దోషం రాయిది కాదు, లెక్కది. బాంబు దెబ్బ చేరే దూరం దాని బలానికి ఘనమూలంగా పెరుగుతుంది. దూరం రెండింతలు కావాలంటే బాంబు ఎనిమిదింతలు కావాలి. తిరగేసి చూస్తే, గురి తప్పే దూరాన్ని సగానికి తగ్గించినవాడు బాంబు బలాన్ని ఎనిమిదింతలు పెంచుకున్నట్టే. 1960ల మొదట్లో క్షిపణులు గురి తప్పితే కిలోమీటర్ల లెక్కన తప్పేవి. ఆ తర్వాత అది వందల మీటర్లకు దిగింది. కొండ ఎటూ కదలదు, చిరునామా అందరికీ తెలుసు. అందుకే అమెరికన్లు అన్నీ ఒకే చోట పెట్టుకోలేదు. 1961 ఫిబ్రవరి నుంచి 1990 జూలై దాకా ‘లుకింగ్ గ్లాస్’ అనే ఎగిరే కమాండ్ విమానం ఏదో ఒకటి ఆకాశంలో ఉంటూనే వచ్చింది. నేల మీది కోట పోయినా ఆదేశం ఇచ్చేవాడు గాల్లో ఉంటాడన్న ధైర్యం. కొండకు మిగిలిన పాత్ర ముందే చెప్పిన ఆ కొద్ది నిమిషాల దాకా నిలబడి, చూసింది చెప్పడం.

అసలు గండం లోపలి నుంచే వచ్చింది. స్కైలాబ్ పడిన నాలుగు నెలలకు, 1979 నవంబరు 9 ఉదయం, కొండలోని తెరలతో పాటు వాషింగ్టన్ పక్కనున్న పెంటగాన్ తెరల మీద కూడా సోవియట్ క్షిపణులు వందల్లో లేచాయి. యుద్ధ విమానాలు ఎగిరాయి. అధ్యక్షుడు ప్రయాణించాల్సిన అత్యవసర విమానం కూడా గాల్లోకి లేచింది, అధ్యక్షుడు లేకుండానే. ఉపగ్రహాలను, రాడార్లను నేరుగా అడిగితే వాటికి ఏమీ కనబడడం లేదన్నాయి. చివరికి తేలిందేమంటే, పరీక్ష కోసం తయారుచేసిన ఉత్తుత్తి దాడి సమాచారం అసలు వ్యవస్థలోకి జారింది. పరీక్షలకు వేరే కంప్యూటరు లేక, కాపలా కాస్తున్న యంత్రం మీదే కసరత్తు కూడా చేస్తుండేవారు.

తర్వాతి ఏడాది జూన్ 3న జరిగింది ఇంకా చిత్రం. నెబ్రాస్కాలో బాంబర్లను నడిపే వ్యూహాత్మక వైమానిక కమాండు తెర మీద 2 క్షిపణులని వచ్చింది. కాసేపటికి 220. ఆ వెంటనే ఏమీ లేవు. మళ్ళీ ఇంకో అంకె. బీ-52 బాంబర్ల పైలట్లు ఇంజన్లు స్టార్టు చేసి కూర్చున్నారు. విచిత్రమేమంటే ఆ సమాచారం పంపుతున్న నోరాడ్ తెరల మీద మాత్రం ఏమీ లేదు. మూడు రోజులకు మళ్ళీ అదే తంతు. వెతగ్గా వెతగ్గా దొరికింది సందేశాలు బయటికి పంపే యంత్రంలో చెడిపోయిన ఒక చిప్పు. దాని ధర 46 సెంట్లు, అప్పటి మన డబ్బుల్లో నాలుగు రూపాయల లోపే. లైను బతికే ఉందని తెలియడానికి ఆ యంత్రం ఎప్పుడూ ‘000 క్షిపణులు’ అనే ఖాళీ సందేశం పంపుతూ ఉండేది. చిప్పు చెడి, సున్నాల చోట రెళ్ళు రాయడం మొదలుపెట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదేనేమో.

సందేశం దారిలో చెడిందా లేదా అని చూసుకునే ఏర్పాటే అందులో లేదన్నది తర్వాతి విచారణలో బయటపడ్డ సంగతి. మన ఆధార్ సంఖ్యలో చివరి అంకె ముందరి పదకొండు అంకెల నుంచి లెక్కగట్టి పెట్టినది. ఎక్కడ ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ లెక్క కుదరదు, కంప్యూటరు కాదు పొమ్మంటుంది. ఆ పాటి కట్టుదిట్టం ఉన్నా బీ-52లు నిద్రలేచేవి కావు. తర్వాత ఆ ఏర్పాటు చేశారు. ఉత్తుత్తి పరీక్షలకు కొండ బయట వేరే కేంద్రం పెట్టారు. 1983లో ఇలాంటి కథతోనే ‘వార్‌గేమ్స్’ సినిమా వచ్చింది. అందులో చూపించిన కమాండు గది ముందు అసలుది వెలవెలబోతుందని చూసొచ్చినవాళ్ళు అంటారు.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. కొండ చూపు మాత్రం బయటికే ఉంది: సముద్రాల అవతలికి, ధ్రువం మీదికి. 2001 సెప్టెంబరు 11న వచ్చిన నాలుగు విమానాలు అమెరికా విమానాశ్రయాల్లోనే లేచాయి, టిక్కెట్లు కొన్న ప్రయాణికులతో. ఆ రోజు ఆ 25 టన్నుల తలుపులను నిజంగా మూశారు. ఏ దెబ్బ కోసం కట్టారో ఆ దెబ్బ అది కాదు. నోరాడ్ కమాండరు జనరల్ రాల్ఫ్ ఎబర్‌హార్ట్ ఆఫీసు ఊరి అవతలి పీటర్సన్ స్థావరంలో ఉండేది. ఆ ఉదయం ఆయన అక్కడి నుంచి కొండకు కారులో బయల్దేరాల్సి వచ్చింది. నిమిషాలు మిగల్చడానికి కట్టిన చోటుకు చేరడానికే బోలెడు నిమిషాలు పట్టాయన్నమాట.

2006 జూలైలో అడ్మిరల్ తిమొతి కీటింగ్, నోరాడ్ రోజువారీ పనిని పీటర్సన్‌కు మారుస్తామని ప్రకటించాడు. రష్యా నుంచో చైనా నుంచో క్షిపణుల దాడి జరిగే అవకాశం తగ్గిందన్నది వాదన. 2008కల్లా కొత్త కమాండ్ సెంటర్ మామూలు భవనంలో, కిటికీల లోకంలో, పని మొదలుపెట్టింది. కొండను పొయ్యి ఆర్పకుండా నివురు కప్పి ఉంచినట్టు, అవసరమైతే వెంటనే అందుకునేలా అట్టే పెట్టారు. కెనడాలో నార్త్ బే దగ్గర నోరాడ్‌కు 1963 నాటి ఇంకో భూగర్భ స్థావరం ఉండేది, అరవై అంతస్తుల లోతున. అక్కడి వాళ్ళు కూడా ఆ 2006లోనే పైకొచ్చేశారు. ఇక భూగర్భం కథ ముగిసిందనే అనుకున్నారు.

తొమ్మిదేళ్ళు తిరగకుండా మాట మారింది. 2015 ఏప్రిల్‌లో అప్పటి కమాండరు అడ్మిరల్ విలియం గోర్ట్నీ, కొండలో సమాచార వ్యవస్థల పనికి రేథియాన్ కంపెనీతో 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నామని చెప్పాడు. కారణం విద్యుదయస్కాంత తాకిడి. అణుబాంబును వాతావరణం పైన, వందల కిలోమీటర్ల ఎత్తున పేలిస్తే నేల మీద గాలి దుమారం రాదు, ఇళ్ళు కూలవు. దాని గామా కిరణాలు పై గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను తన్ని బయటికి నెడతాయి. అవి భూమి అయస్కాంత క్షేత్రం చుట్టూ మెలికలు తిరుగుతూ ఒక్క దెబ్బన రేడియో తరంగాన్ని కురిపిస్తాయి. కింద ఉన్న ప్రతి తీగా యాంటెన్నా అయిపోతుంది. 1962 జూలై 9న పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున ‘స్టార్‌ఫిష్ ప్రైమ్’ అనే 1.4 మెగాటన్నుల బాంబును పేల్చి చూశారు. దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలోని హొనొలులులో సుమారు మూడు వందల వీధి దీపాలు ఆరిపోయాయి. అప్పటి బల్బులు మొరటువి. ఇప్పటి సన్నని చిప్పులకు అంత దెబ్బ అవసరమే లేదు.

అక్కడే కొండ మళ్ళీ పనికొచ్చింది. లిఫ్టు తలుపు మూసుకోగానే ఫోనులో మాట తెగిపోవడం అందరికీ అనుభవమే. లోహపు పెట్టె గోడలో తరంగం వల్ల పుట్టిన కరెంటు ఆ గోడలోనే తిరిగి, లోపలికి వెళ్ళాల్సిన తరంగాన్ని రద్దు చేస్తుంది. షయాన్ భవనాలు అతుకులు వదలకుండా వెల్డింగు చేసిన ఉక్కు పెట్టెలు, వాటి చుట్టూ వేల అడుగుల రాయి. 30 మెగాటన్నుల దుమారం కోసం 1960ల్లో పెట్టిన ఖర్చుకు 2015లో ఫలితం దక్కింది.

ఇంకో వాడకం ఎవరూ ఊహించనిది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు, క్షిపణుల హెచ్చరికలు చూసే మనుషులే మంచాన పడితే ఎలా అన్న భయం పట్టుకుంది. కొన్ని జట్లను ఇళ్ళకు పంపకుండా, ఎవరితోనూ కలవనివ్వకుండా కొండలోనే ఉంచామని అప్పటి కమాండరు జనరల్ టెరెన్స్ ఓషానెసీ చెప్పాడు. రేడియోధార్మిక ధూళిని వడగట్టడానికి పెట్టిన గాలి ఏర్పాట్ల మధ్య, దగ్గే తుమ్మే జనానికి దూరంగా, ఊళ్ళోని కుటుంబాలు ఎలా ఉన్నాయో ఫోనులో అడుగుతూ వాళ్ళు అక్కడే ఉన్నారు.

2021లో గేటు దగ్గర బోర్డు మారింది. వైమానిక దళం పేరు పోయి అంతరిక్ష దళం పేరు వచ్చింది. లోపలివాళ్ళను డ్యూటీకి తెచ్చే బస్సు దారి మాత్రం మారలేదు. ఉత్తరం మూతి దగ్గర సొరంగంలోకి దిగుతుంది, అర కిలోమీటరు నడిచి పక్క గోడలోని తలుపు ముందు ఆగుతుంది. ఆ తలుపు మామూలు రోజుల్లో తెరిచే ఉంటుంది. దాని అవతల 1,319 స్ప్రింగులు 1966 నుంచీ ఎదురుచూస్తున్న కుదుపు ఇంకా రాలేదు.